పిలవని బంద్

ఆ రోజు పొద్దున కలకత్తా పక్కన లిలువాలో ఆదాము ఇల్లు పెళ్లివారి ఇల్లులా ఉంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన ఆదాముకి ఒక్కతే కూతురు, లిల్లీ. సెన్సర్లు, కొలత పరికరాల మీద ఎం.టెక్. చదువుతోంది. వంటింట్లో పొగ కమ్మితే పసిగట్టి కూత పెట్టే పెట్టె ఒకటి సొంతంగా తయారుచేసింది. దాని పనితనం నిజం వంటింట్లోనే చూస్తానని ప్రొఫెసర్ గుహ బయల్దేరారు.

పెట్టె గురించి లిల్లీకి బెంగ లేదు. బెంగల్లా నలుగురు కలిసి చేస్తున్న రెండో ప్రాజెక్టు గురించే. లిలువా బజారులో బళ్ల రొద ఎంతో కొలవాలి. కొలిచారు. బళ్లు లేనప్పుడు అదే రోడ్డు ఎలా ఉంటుందో కూడా కొలిస్తేనే లెక్క తేలుతుంది. అక్కడ ఏ వేళకీ లారీలు ఆగవు. కలకత్తాలో బంద్‌లకేం కరువు అంటారా, బంద్ రోజున రొద కొలిచే మీటరు కాలేజీలో ఉంటుంది, కాలేజీకి తాళం ఉంటుంది. ఆ కొలత లేనిదే ప్రాజెక్టు తీసుకోనని గుహగారు తేల్చేశారు. నలుగురి డిగ్రీలూ దాని మీదే ఆగి ఉన్నాయి. ఆశ చావక ఆ పొద్దున కూడా ఆ నలుగురిలో ఒకడైన శుభంకర్ మిగతా ఇద్దరితో కలిసి బజారులో మీటరు పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంట్లో ఆదాము ఒక ఘనకార్యం చేశాడు. కూతురి పెట్టె కూత పిచ్చుకపిల్ల అరుపులా ఉంది. అది ఆయన గర్వానికి ఏ మూలకీ చాలలేదు. పాత ఇనుము కొట్లో పెద్ద సైరను ఒకటి కొని, లిల్లీ స్నానానికి వెళ్లగానే పెట్టెకి తగిలించాడు.

"ఏటయ్యా అది, పెట్టి కంటే సైరనే పెద్దగున్నాది," అంది భార్య దయారత్నం.

"నా కూతురు సేసిన మిసను కూత్తే ఊరంతా ఇనాల. మన కాలనీలో ఎం.టెక్. ఇంకెవులు సదివినారే?"

దయారత్నం కూడా తక్కువ తినలేదు. బెంగాలీ మాస్టారొస్తున్నారని ఇలిశ చేప తెప్పించి, ఆవనూనె పొగలు కక్కేదాకా కాచింది. పెట్టె తన పని తాను చేసింది. సైరను లేచింది.

లిల్లీ పరుగున వచ్చి వైరు పీకేసరికే బజారంతా వినేసింది. అందరూ అది వర్క్‌షాపు సైరనే అనుకున్నారు. వేళ కాని వేళ మోగిందంటే ఏదో అయిందన్నమాటే. మిఠాయి కొట్టతను ఎందుకైనా మంచిదని షట్టరు సగం దించాడు. అది చూసి మందుల కొట్టాయన పూర్తిగా దించేశాడు. రెండు షట్టర్లూ చూసిన బస్సు డ్రైవరు బండిని రోడ్డుకి అడ్డంగా ఆపి ఇంటికి పోయాడు. వెనక లారీలు మారు మాట లేకుండా తిరిగి వెళ్లిపోయాయి. జెండాలతో కొందరు వచ్చారు గాని, ఏమని నినాదం ఇవ్వాలో తెలియక రోడ్డు మీద చాప పరుచుకుని పేకాటకి కూర్చున్నారు.

"బంద్ ఎవరు పిలిచారు దాదా?" అని దారినపోయేవాళ్లు అడిగితే, "మనవాళ్లే," అన్నారు.

గుహగారు ఎక్కడో బస్సు దిగి, నడిచి, చెమటలు కక్కుకుంటూ వచ్చారు. లిల్లీ ఎదురెళ్లింది.

"సార్, ఇది బంద్ కాదు. మా పెట్టె," అంది బెంగాలీలో.

ఆదాము కంగారులో తనకొచ్చిన కాస్త బెంగాలీ కూడా మరిచిపోయాడు. "తప్పు దాంది కాదు సారు. సైరను నాను తగిలించినాను. ఫెయిలు సెయ్యాలంతే నన్ను సెయ్యండి."

లిల్లీ బెంగాలీ చేసి చెప్పింది, ఆఖరి మాట మాత్రం మింగేసింది.

గుహగారు నోరు తెరిచేలోగా శుభంకర్ వచ్చి పడ్డాడు. చేతిలో మీటరు గీసిన కాగితం చుట్ట. "లిల్లీ, మీటరు సూది పడుకుంది. ఎంతకీ లేవడం లేదు."

గుహగారు కాగితాన్ని మంచం మీద పరిచారు. మొదట రోజూ ఉండే గీతల గజిబిజి, తరవాత ఒక్క కొండ, ఆపైన చదును. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"బంద్ రోజున మీటరు రోడ్డు మీద ఉండటం నా సర్వీసులో ఇదే మొదలు. మీ నలుగురి లెక్కా తేలింది. మరి ఈ కొండ ఏమిటి?"

ఆ ఒక్క ప్రశ్నా ఆదాముకి ఎవరూ తర్జుమా చేయక్కర్లేకపోయింది. ఛాతీ విరుచుకుని, "అది మాదే సారు," అన్నాడు.

గుహగారు పెట్టెకి కూడా తల ఊపి, చేప ముక్క అందుకున్నారు. నాన్నని గట్టిగా దులిపేద్దామనుకున్న లిల్లీకి నవ్వొచ్చింది. తన చదువుని ఇంతగా నెత్తిన పెట్టుకున్న మనిషి మీద కోపం నిలవలేదు.

మర్నాడు రెండు యూనియన్లు వేరువేరుగా సభలు పెట్టి, తాము పిలిచిన బంద్‌ను జయప్రదం చేసినందుకు ప్రజలకు కృతజ్ఞతలు తెలిపాయి. ఆదాము రెండింటికీ వెళ్లి, కూతురి తరఫున స్వీకరించి వచ్చాడు.