రికార్డులో లేని బండ

మెండోర దగ్గర గోదావరిలో ఇకమీదట ఎవ్వరూ మునగరని మంత్రిగారు ప్రకటించారు. మునగడమనే పాత పద్ధతిని జిల్లా నుంచి తరిమేస్తున్నామని, అందుకే ‘జలరక్ష’ మోటారు బోటు తెచ్చామని చెప్పారు. చప్పట్లు ఆగాక బోటెక్కి, నడిపేవాణ్ని దించేసి, మోటారు పిడి తానే పట్టుకున్నారు. ముందుండి నడిపించడం ఆయన అలవాటు. బోటుకు మోటారు వెనక ఉంటుంది కాబట్టి ఆ ఒక్కరోజుకు వెనకుండి నడిపించారు.

ఒడ్డున వల దులుపుతున్న రాధాబాయి అది చూసి లేచి నిలబడింది. నలభై ఏళ్లుగా ఆ నీళ్లలో చేపలు పట్టే మనిషి.

“ఓ సారూ! అటు పోకుండ్రి! గక్కడ బర్రెబండ ఉన్నది!” అని గొంతు చించుకుంది.

మంత్రిగారు దాన్ని నినాదం అనుకుని చెయ్యి ఊపారు. అభిమానానికి బదులుగా వేగం కూడా పెంచారు.

నీళ్ల కింద ధన్‌మని మోగింది. మోటారు ఎగిరిపడి, ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. మునగడాన్ని తరిమేసిన మంత్రిగారిని రాధాబాయి తన గుండ్రటి తట్టపడవ పుట్టిలో కూర్చోబెట్టుకుని ఒడ్డుకు తెచ్చింది. మంత్రిగారు గోదావరి లోతును స్వయంగా పరిశీలించారని మర్నాడు పేపర్లలో వచ్చింది.

ఆ మోటారు బోధన్‌లో లక్ష్మీరాజం షెడ్డుకు చేరింది. చెరుకు తోటలకు నీళ్లు తోడే ఇంజన్లను ముప్పై ఏళ్లుగా బాగుచేస్తున్నాడతను. రోగమేమిటో చప్పుడు విని చెప్పేస్తాడని పేరు. బోటు మోటారును ముట్టుకోవడం మాత్రం ఇదే మొదలు. కంపెనీకి పంపితే మూడు నెలలు పడుతుందన్నారు, వానలు చూస్తే నెల రోజుల్లో ఉన్నాయి. పోయిన వానాకాలం అవతలి గడ్డకు గొర్లు తోలుకుపోయి, వరదొచ్చి ముగ్గురు రెండు రోజులు అక్కడే చిక్కుకుపోయారు. అందులో ఒకడు లక్ష్మీరాజం బావమరిది. అందుకే కాదనలేదు.

మోటారును ఎవరి కంటా పడకుండా శాలువా కప్పి తెచ్చినవాడు సర్కారు ఇంజనీరు నాగేందర్.

“ఏం తాకింది సార్?” అన్నాడు లక్ష్మీరాజం.

“ఏం తాకలే.”

“రెక్కలు మూడు వంగినయి. కింద తోక ఇరిగింది.”

“ఊకెనే ఇరిగింది.”

లక్ష్మీరాజం అడుగున బోల్టు విప్పాడు. గేర్ల నూనె పాలు ఎక్కువైన చాయ్‌లా తెల్లబారి కారింది.

“సీలు పగిలి నీళ్లు లోపటికి పోయినయి సార్. షాఫ్టు గూడ వంకరైంది. గిది పక్కా బండ దెబ్బ.”

నాగేందర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “రాజం, గక్కడ బండ లేదు. సర్వే చేసి రాసిచ్చినం. సంతకం నాదే.”

“సర్వేకు నీళ్లల్లకు దిగిండ్రా సార్?”

“మ్యాపు మీద చేసినం. మ్యాపుల నీళ్లు నీలం రంగుల ఉన్నయి. బండ ఏ రంగుల లేదు.”

అంత శాస్త్రీయమైన జవాబుకు లక్ష్మీరాజం దండం పెట్టాడు. పనిలో పడ్డాడు. రెక్కల్ని వేడిచేసి, సుత్తితో పసిపిల్లకు జో కొట్టినంత మెల్లగా కొట్టి దారికి తెచ్చాడు. షాఫ్టును నిజామాబాద్ తీసుకుపోయి లేత్ మీద సరిచేయించాడు. సీలు కోసం దుకాణాలన్నీ తిరిగి, దొరక్క, చివరికి కొలత కలిసిన పంపు సీలు వేశాడు. తొమ్మిదో రోజు డ్రమ్ము నిండా నీళ్లు పోసి, మోటారును అందులోకి దించి తాడు లాగాడు. డ్రమ్ము నీళ్లు సుడి తిరిగి షెడ్డు కప్పును తాకాయి. తడిసి ముద్దయిన లక్ష్మీరాజం పెళ్లినాడు కూడా అంతలా నవ్వలేదు.

చిక్కు కాగితం దగ్గర వచ్చింది. రిపేరు ఫారంలో ‘పాడగుటకు కారణము’ అని ఒక గడి ఉంది. అందులో ‘నీళ్ల కింది బండ తాకి’ అని రాశాడు.

నాగేందర్ ముఖం గేర్ల నూనె రంగుకు తిరిగింది. “గట్లెట్ల రాస్తవయ్యా? ‘నీటి ఒత్తిడి’ అని రాయి.”

“నీళ్లల్ల నడిచే మోటరు నీళ్లు తాకే ఇరుగుతె, ఇగ బోటును ఏడ నడిపిస్తరు సార్?”

“నువ్వు మార్చకపోతె ‘మెకానిక్ అనుభవం లేక’ అని రాస్తరు మావోళ్లు.”

“ఇరిగినంక కదా సార్ నా తాన్కి వచ్చింది?”

“అది విచారణల తేలుతది.”

లక్ష్మీరాజం రాత్రంతా ఆలోచించాడు. ఆ మాట పేపర్లో పడితే షెడ్డుకు ఇంజను తెచ్చేవాడుండడు. అయినా తెల్లారి గడిని అలాగే ఉంచి సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్లలో ఏ ఇంజను రోగాన్నీ దాచలేదు, ఇప్పుడు సర్కారు మోటారు దగ్గర మొదలుపెట్టడం అతనికి చేతకాలేదు.

దాంతో సర్కారు కదిలింది. బండ ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ముగ్గురు సభ్యుల ఉన్నతస్థాయి కమిటీ వేసింది. అధ్యక్షులు రాజేశ్వర్ గారు రిటైరైన పెద్ద అధికారి. ఎన్నో విషయాలను తేలకుండా తేల్చిన అనుభవం ఆయనది.

గురువారం పొద్దున కమిటీ మెండోర చేరింది. లక్ష్మీరాజం మోటారును బోటుకు బిగించాడు. కేసులో అతను ఒక పక్షం కాబట్టి ఎక్కరాదన్నారు. నడిపే పని నాగేందర్ మీద పడింది.

“సార్, బండ దగ్గరికి పోంగనే మోటరు పైకెత్తి తెడ్డేసుకోండ్రి,” అన్నాడు లక్ష్మీరాజం, బతిమాలుతున్నట్టు.

రాజేశ్వర్ గారు చిరునవ్వు నవ్వారు. “పైకెత్తితే బండ ఉన్నదని ముందే ఒప్పుకున్నట్టు. కమిటీ నిష్పక్షపాతంగా పోవాలె. నాగేందర్, ఫుల్ స్పీడ్.”

బోటు దూసుకుపోయింది. లక్ష్మీరాజం ఒడ్డున కళ్లు మూసుకుని మోటారు చప్పుడు విన్నాడు. ఎక్కడా తడబాటు లేదు. గర్వంతో ఛాతీ నిండింది.

ధన్!

“రెక్కలు పోయినయి,” అన్నాడు కళ్లు తెరవకుండానే. చెవి ఇంకాస్త అటు తిప్పి, “షాఫ్టు గూడ,” అన్నాడు.

“తమ్మీ, కండ్లు తెరిచి సూడు,” అంది పక్కనే ఉన్న రాధాబాయి.

పగిలిన బోటు నీళ్లు నింపుకుంటూ వాలుకు కొట్టుకుపోతోంది. గోదావరి నడుమ, మోకాళ్ల లోతు నీళ్లలో, ముగ్గురు కమిటీ సభ్యులూ నాగేందరూ ఫైళ్లు నెత్తిన పెట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నారు. పాలనా యంత్రాంగం అంత ఎత్తుకు ఎదగడం మెండోర ప్రజలు మునుపెన్నడూ చూడలేదు.

లక్ష్మీరాజం ఫోను మోగింది. నాగేందర్.

“రాజం, జల్ది పుట్టి పంపు!”

“పంపుతున్న సార్. బోటు పాయె గదా, మరి మీరు దేని మీద నిలవడ్డరు?”

అటువైపు నాగేందర్ ఆ ప్రశ్నను అధ్యక్షులవారికి నివేదించాడు. తర్వాత రాజేశ్వర్ గారి గొంతు సన్నగా వచ్చింది. “ఆ ప్రశ్న కమిటీ పరిధిలోకి రాదని చెప్పు.”

పుట్టిలో ఒకసారికి ఒక్కరే పడతారు. రాధాబాయి ఓపిగ్గా నాలుగుసార్లు తిరిగింది. “భయపడకుండ్రి సారూ, బర్రెబండ కదలది. నీళ్లు బాగ తగ్గిన ఏడు మేము దీని మీదనే వలలు ఆరేస్తం,” అని వరుస కోసం ఆగినవాళ్లకు ధైర్యం చెప్పింది. కమిటీ ఆకాశం వైపు చూసింది.

పది రోజుల తర్వాత, వాలున వెతికి తీసిన మోటారు మళ్లీ శాలువా కప్పుకుని షెడ్డుకొచ్చింది. బాల్కొండ వైపు మబ్బు పట్టింది. నాగేందర్ కొత్త ఫారం ఇచ్చాడు. అందులో కారణం రాసే గడి లేదు.

“నీ మీద ఏం లేదు రాజం, పనితనం మంచిగున్నదని రాసిండ్రు,” అంటూ కమిటీ నివేదిక చేతిలో పెట్టాడు.

లక్ష్మీరాజం ముందు అడుగు బోల్టు విప్పి నూనె కారనిచ్చాడు. చేతులు తుడుచుకుని చివరి పేజీ తిప్పాడు.

‘వివాదాస్పద స్థలంలో కమిటీ సభ్యులు ముగ్గురూ గంటన్నర సేపు నిలబడి, నాలుగు దిక్కులూ క్షుణ్ణంగా పరిశీలించారు. కనుచూపు మేరలో బండ ఏదీ కనిపించలేదు.’