ఎనిమిదిలోపు త్రో అప్

ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు చెత్త సంగతి తేల్చేద్దామని నడుం బిగించారు. ఫోనులో ఇంగ్లీషు పాఠాలు వినడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి తెలుగులో నోటీసు రాయడం ఆయనకు నామోషీ అయిపోయింది. 'త్రో అవుట్' అని రాస్తే జనం చెత్తను డబ్బా బయట పారేస్తారేమోనని అనుమానం వచ్చింది. డబ్బాలున్నది గట్టు పైన కాబట్టి 'త్రో అప్' అయితే ఢోకా ఉండదనుకున్నారు. ఎనిమిదిలోపు అందరూ త్రో అప్ చెయ్యాలనీ, తడీ పొడీ వేరువేరుగా చెయ్యాలనీ ఇంగ్లీషులో టైపు చేసి, వాట్సాప్ గ్రూపులో పెట్టి మీసం దువ్వుకున్నారు.

మొదటి ఫోను మూడో అంతస్తు లాయరుది.

"సెక్రటరీ గారూ, వాంతులెందుకండీ?"

"వాంతులా? ఎవరికి?"

"త్రో అప్ అంటే వాంతి చేసుకోమనేగా! తడిదంటే సరే, పొడిది ఎలాగండీ?"

సెక్రటరీ గారు నాలిక్కరుచుకున్నారు. పొరపాటైందన్న మాట గొంతుదాకా వచ్చి మళ్ళీ లోపలికే పోయింది. "ముందు జాగ్రత్తలెండి" అని ఠక్కున ఫోను పెట్టేశారు.

ఆ ముక్క క్షణాల్లో ఇల్లిల్లూ పాకింది. కింది ఫ్లాటు నర్సమ్మ నీళ్ళలో ఏదో కలిసిందని తేల్చేసి, ట్యాంకు చూడమని ప్లంబరును పైకి తరిమింది. లాయరు అత్తగారు ఎందుకైనా మంచిదని ఉప్పునీళ్ళు తాగి, ఎనిమిది కాకముందే ఆజ్ఞ పాటించారు. ఆవిణ్ణి చూసి అల్లుడూ, అల్లుణ్ణి చూసి ఎదురింటాయనా బేసిన్లకేసి పరుగెత్తారు. గేటు ముందు అంబులెన్సు వచ్చి ఆగింది.

"మీ ఇంగ్లీషు తగలెయ్య! వెళ్ళి నిజం చెప్పండి," అంది భార్య.

"చెబితే నా పరువేం కాను?"

"మీ పరువు కోసం ఇంకెంతమంది చేత కక్కిస్తారు?"

సెక్రటరీ గారు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, మెట్ల దగ్గర గుమిగూడిన జనం ముందు చేతులు జోడించారు.

"అసలు ఆ మాటకి నాకు..." అన్నారో లేదో, డాబా మీంచి ప్లంబరు కేక వినిపించింది.

"సార్! ట్యాంకులో పావురం చచ్చి తేలుతోంది! ఉబ్బిపోయింది!"

అందరూ కొయ్యబారిపోయారు. ముందుగా తేరుకున్నది నర్సమ్మే.

"మీరు చెప్పబట్టి బతికిపోయాం బాబూ!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

అత్తగారు బకెట్టు పక్కన పెట్టి మరీ దీవించారు. వెనకే వచ్చిన భార్య మొగుడికేసి కొరకొరా చూసింది. మొగుడు పైకప్పుకేసి చూశారు.

సాయంత్రం సమావేశంలో, ఇకమీదట నోటీసులన్నీ ఆయనే, అదీ ఇంగ్లీషులోనే రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.