డెస్పినా కూర్చోవాలనుకున్న రోజు

కాఫీ పొంగిపోకుండా గిన్నె మీదే కళ్ళు పెట్టి, డెస్పినా ఆ పొద్దున తన ఆలోచన భర్తకి చెప్పింది.

"ఈ ఏడు ఆగస్టు పదిహేనున నేను కూర్చుంటాను."

"కూర్చో. ఎవరొద్దన్నారు?" అన్నాడు లాంబ్రోస్, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"ఇంట్లో కాదు. సముద్రం మీద. తెరచాప పడవ ఒకటి వారం రోజులకి మాట్లాడేశాను. లావ్రియో రేవులో ఎక్కుతాం. నడిపేవాడు పడవతోపాటే వస్తాడు. దీవులన్నీ తిప్పుతాడో, ఏ మూలో లంగరేసి కూర్చోబెడతాడో అతనిష్టం. ఆ రోజు మాత్రం మన గుమ్మంలో నేను కనపడను."

లాంబ్రోస్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

ఆగస్టు పదిహేను మరియమాత పండగ. మాత పేర్లు పెట్టుకున్న మరియలకీ, డెస్పినాలకీ, పనయోటాలకీ ఆ రోజే పేరు పండగ. పేరు పండగకి ఎవరూ ఎవర్నీ పిలవరు. పిలవకుండానే వస్తారు. మిఠాయి పెట్టె చేతిలో పెట్టి, "నూరేళ్ళు బతుకు" అని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, వెళ్ళి కూర్చుంటారు. ఎవరి పేరున పండగో ఆ మనిషి నిలబడుతుంది. వాళ్ళుండే కెరాచీనిలో సగంమంది ఆగస్టు ఎండలకి సొంత ఊళ్ళకి పారిపోతారు కానీ, లాంబ్రోస్ చుట్టాలు మాత్రం అంగుళం కదలరు. కదిలితే డెస్పినా చేసే కీమా ఉండలు ఎవరు పెడతారు?

పోయినేడు ఆ రోజు డెస్పినా ఒకే ఒక్కసారి కూర్చుంది. స్నానాల గదిలో గడియ పెట్టుకుని తొట్టి అంచున కూర్చుంది. నిమిషం కాకముందే అత్తగారు తలుపు కొట్టింది. "డెస్పినా! లోపల కూర్చున్నావా ఏంటి?"

పోనీ ఈ ఏడు ఎవర్నీ రావద్దందామా అంటే, అది ఇంకా ప్రమాదం. పేరు పండగనాడు తలుపు మూసుకునేది చావు జరిగిన ఇల్లే. వద్దన్న మరుక్షణం, ఎవరు పోయారని ఏడుస్తూ అందరూ ఒక రోజు ముందే దిగుతారు.

"ఎవరికీ చెప్పకు," అంది డెస్పినా కాఫీ అందిస్తూ.

"నా నోట్లోంచి వస్తుందా?" అన్నాడు లాంబ్రోస్.

లాంబ్రోస్‌ది తాళాల దుకాణం. పేటలో ఉన్న తలుపులన్నిటికీ తాళాలు బిగించాడు. తన నోటికి సరిపడేది మాత్రం ఇంతవరకు దొరకలేదు.

దుకాణానికి బయల్దేరి ఒక అంతస్తు దిగాడో లేదో, మెట్ల మీద తల్లి ఎదురైంది. కింది వాటాలో ఉంటుంది జంబెటమ్మ. భర్త పోయి ఇరవై ఏళ్ళయినా నల్లబట్టలు మానలేదు, కొడుకు సంసారం మీద కాపలా మానలేదు.

"ఒరేయ్, పండక్కి మిఠాయి ఆ మూలకొట్టు వాడిది వద్దురా. పోయినసారి పాకమే లేదు."

"అదేనమ్మా, ఈసారి..." లాంబ్రోస్ నీళ్ళు నమిలాడు.

"ఈసారి ఏంటి? ఎవరైనా పోయారా?"

"అయ్యయ్యో, ఎవరూ పోలేదమ్మా! ఆ రోజుకి మేం కేయా దీవిలో ఉంటాం, అంతే."

కేయా అనే మాట ఎందుకొచ్చిందో అతనికే తెలీదు. లావ్రియో నుంచి దగ్గర కాబట్టి నోటికి అదే అందింది.

"కేయాలోనా! మా పిన్ని కూతురు కల్లియోపి ఉండేది అక్కడే కదరా! డెస్పినా దిక్కులేనిదానిలా పరాయి చోట చేసుకుంటుందా పండగ, నేను బతికుండగా?" అంటూ, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేనని రోజూ మూలిగే మనిషి, చెంగుచెంగున దిగి ఫోను దగ్గరికి పోయింది.

దుకాణం తెరిచేసరికి ముందే వచ్చి కూర్చున్నాడు థ్రాసివూలోస్. లాంబ్రోస్ పెళ్ళిలో పెద్దగా నిలబడి వధూవరుల తలల మీద కిరీటాలు మార్చిన స్నేహితుడు. అంటే చుట్టం కన్నా ఎక్కువ, వదిలించుకోవడం చుట్టం కన్నా కష్టం.

"పదిహేనున చెల్లెమ్మ కీమా ఉండలతో పాటు ద్రాక్షాకుల్లో అన్నం కూడా చుడుతుందా?" అని అడిగాడు.

లాంబ్రోస్ ఈసారి తెలివిగా ఆలోచించాడు. ఇతనికీ కేయా అని చెబితే ఇద్దరూ ఒకేచోట చేరతారు. అందుకని కిత్నోస్ అన్నాడు. మధ్యాహ్నం డెస్పినా అక్క ఎవ్‌దోకియా ఫోన్ చేస్తే, సెరిఫోస్ అన్నాడు. సాయంత్రం రొట్టెల కొట్టువాడు అడగడమే ఆలస్యం, సిఫ్నోస్ అన్నాడు.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యం భార్యకి వివరంగా చెప్పాడు. "చూశావా, నలుగుర్నీ నాలుగు దిక్కులకి పంపాను. ఇక మనకెవరడ్డం?"

"వాళ్ళని పంపిన దీవులేవి?"

"కేయా, కిత్నోస్, సెరిఫోస్, సిఫ్నోస్."

"మన పడవ తిరిగే దీవులేవి?"

లాంబ్రోస్ వేళ్ళు మడిచాడు. అవే నాలుగు వచ్చాయి.

డెస్పినాకి ఏడుపొచ్చింది. పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి కాబట్టి ఏడుపు కూడా నిలబడే ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క రోజు అడిగింది. కళ్ళు మూసుకుంటే వచ్చేది కీమా వాసన, తెరిస్తే కనిపించేది కాఫీ కప్పులు. ఒక్క పండగ ఇవేవీ లేకుండా గడిస్తే చాలనుకుంది.

ఆదివారం ఇద్దరూ లావ్రియో వెళ్ళి పడవ నడిపేవాణ్ణి కలిశారు. పేరు పనాయిస్. నలభై ఏళ్ళుంటాయి. ఎండకి కమిలిన ముఖం, నిద్ర తీరని కళ్ళు. సముద్రం పటం బల్ల మీద పరిచాడు.

"ఎక్కడికెళ్దామమ్మా?"

"ఎవరూ లేని చోటికి నాయనా."

"ఆగస్టులోనా?" పనాయిస్ నవ్వలేదు కానీ మీసం కదిలింది. "పోనీ, ఎక్కడికి వద్దో చెప్పండి."

డెస్పినా ఒక్కొక్క దీవి పేరూ చెప్పింది. అతను ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి తీశాడు. చివరికి పటం మీంచి తల ఎత్తాడు.

"ఇక మిగిలింది నీళ్ళే."

"నీళ్ళయితే నీళ్ళే. వాటికి పేరు పండగ చెయ్యక్కర్లేదుగా."

"మీదీ ఆ రోజేనా?" అన్నాడు పనాయిస్ మెల్లగా. "నాదీ ఆ రోజే. మా ఇంటికి ఊరంతా వస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి ఆగస్టు నెలలో నేను ఒడ్డు మీద ఉండను."

తన బాధ తెలిసిన మనిషి దొరికాడని డెస్పినాకి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ప్రయాణం మొదటిరోజు మధ్యాహ్నం దాకా ఉంది. ఉత్తరపు గాలి లేచింది. కేయా రేవులోకి పోయి ఆగితే మంచిదన్నాడు పనాయిస్. పండక్కి ఇంకా నాలుగు రోజులుంది, అత్తయ్య ఇప్పుడే ఎందుకుంటుందిలే అని డెస్పినా సరేనంది. రేవు కనబడగానే దూరదర్శిని తీసి చూసింది. గట్టు మీద నల్లబట్టలు, నల్లగొడుగు, రెండు చేతులా పళ్ళెం. పక్కన కల్లియోపి, ఆమె పక్కన ఒక ఫాదరు.

"తిప్పు నాయనా," అంది.

"గాలి ఎదురుగా..."

"గాలికి నేను చెప్పుకుంటాను. నువ్వు తిప్పు."

తిప్పిన పడవ ఎగిరెగిరి పడుతూ, గాలి తోసిన వైపే పోయి మర్నాటికి కిత్నోస్ చేరింది. అక్కడ రేవు దాకా పోనక్కర్లేకపోయింది. ఇసుక మీద పొగ లేస్తోంది. ఊచకి గుచ్చిన మేకని తిప్పుతూ థ్రాసివూలోస్, అతని వెనకాల రెండు కర్రలకి కట్టిన దుప్పటి, దాని మీద ఎర్ర రంగుతో 'డెస్పినా నూరేళ్ళు' అనే అక్షరాలు. పండక్కి ముందు రుచి చూడ్డానికి ఒక మేక, పండగ రోజుకి ఇంకోటి అని తర్వాత తెలిసింది. లాంబ్రోస్‌కి నోరూరింది. భార్య ముఖం చూసి మింగేశాడు.

సెరిఫోస్ దగ్గరికి పోకముందే ఫోను మోగింది.

"ఒసేయ్! తెల్ల పడవ, నీలం చార. మీదేనా? కొండ మీంచి చెయ్యి ఊపుతున్నా, కనిపిస్తున్నానా?" అని అరుస్తోంది ఎవ్‌దోకియా.

"మాది కాదక్కా."

"మరి మీ ఆయన చొక్కా వేసుకుని నిలబడ్డవాడెవడే?"

లాంబ్రోస్ గబుక్కున తెరచాప చాటున కూర్చున్నాడు. డెస్పినాకి తిట్టే ఓపిక కూడా అయిపోయింది.

చివరికి మనిషి జాడలేని ఒక రాతి మూలలో లంగరేశారు. అక్కడ నిజంగానే ఎవరూ లేరు. మేకలు కూడా లేవు. కానీ మగవాళ్ళిద్దరికీ ఆకలేసింది. పడవలో వంటచోటు అలమారంత ఉంది. డెస్పినా ఒక కాలు గోడకి తన్నిపెట్టి, ఒక చేత్తో పొయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో టమాటాలు కలిపింది. అల వచ్చినప్పుడల్లా గిన్నెతో పాటు తనూ పక్కకి జరుగుతోంది. కాళ్ళు ఇంట్లో కన్నా ఎక్కువ పీక్కుపోతున్నాయి. సముద్రం మధ్యకొచ్చి కూడా నిలబడే వండుతున్నానని తట్టేసరికి, గరిటె ఆగిపోయింది.

"లాంబ్రోస్! మీ అమ్మెక్కడుంది?"

"కేయాలో."

"నీ స్నేహితుడు?"

"కిత్నోస్‌లో, మేకతో."

"మా అక్క సెరిఫోస్‌లో. రొట్టెలవాడూ, వాడి బావమరుదులూ సిఫ్నోస్‌లో. అవునా?"

"అవును. వెళ్ళనివారెవరూ లేరు. రొట్టెలవాడి కొట్టులో విని పేట పేటంతా మన కోసమే దిగింది."

"మరి మనింట్లో ఎవరున్నారు?"

లాంబ్రోస్ ఆలోచించాడు. అతని ముఖంలో తెల్లారడానికి కొంచెం టైము పట్టింది.

"ఎవరూ లేరు," అన్నాడు.

"పడవ తిప్పు నాయనా," అంది డెస్పినా. "ఇంటికి."

గాలి జాలిపడి తగ్గింది. పండగ ముందురోజు సాయంత్రానికి లావ్రియో చేరారు. మిగిలిన రోజులకి పడవ నీదే, నీ పండగ నువ్వు చేసుకో అని పనాయిస్‌తో చెప్పి దిగారు. అతను వాళ్ళు గట్టు దాటేదాకా కూడా ఆగలేదు, తాళ్ళు విప్పేశాడు.

ఆగస్టు పదిహేనున కెరాచీనిలో వీధి వీధంతా ఖాళీ. డెస్పినా కిటికీ రెక్కలు దించేసింది. ఫ్యాను వేసింది. వంటింట్లోంచి కుర్చీ తెచ్చి హాల్లో మధ్యగా వేసుకుని, బకెట్లో చల్లనీళ్ళు పోసి, కాళ్ళు అందులో పెట్టి కూర్చుంది. లాంబ్రోస్ స్వయంగా చల్లకాఫీ కలిపి తెచ్చాడు. చక్కెర మరిచిపోయాడు. అయినా అది ఆమె జన్మలో తాగిన అన్ని కాఫీల కన్నా బాగుంది. మనుషులు లేరని దిగులేస్తుందేమోనని కాసేపు మనసుని తడుముకుని చూసుకుంది. వెయ్యలేదు. హాయిగా ఉంది. ఇంత హాయి ఇంట్లోనే ఉంటే, దీన్ని సముద్రం మీద వెతికానేంటని తనలో తను నవ్వుకుంది కూడా.

అప్పుడు ఫోను మోగింది. అత్తగారు.

"ఎత్తకు," అంది డెస్పినా.

ఎత్తేశాడు లాంబ్రోస్. తల్లి ఫోను ఎత్తకుండా ఉండటం అతనికి ఎవరూ నేర్పలేదు.

"ఎక్కడున్నార్రా మీరు?" జంబెటమ్మ గొంతు హాలంతా వినబడుతోంది. "రోజుల తరబడి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. మిగతా దీవుల్లో మనవాళ్ళనడిగితే అక్కడికీ రాలేదన్నారు. మిఠాయికి చీమలు పట్టాయి. ఫాదరు కూడా తినేసి వెళ్ళిపోయాడు!"

"సముద్రంలో ఉన్నామమ్మా. నడిసముద్రంలో. చుట్టూ నీళ్ళు తప్ప..."

సరిగ్గా అప్పుడే, పండగా పబ్బమూ లేని పాతసామాన్ల బండివాడు వీధిలోకి తిరిగాడు. మైకులో అతని గొంతు కిటికీ రెక్కలు దాటి లోపలికొచ్చింది. "పాత ఫ్రిజ్‌లు కొంటాం! పాత పొయ్యిలు, ఇనప మంచాలు కొంటాం!"

జంబెటమ్మకి అదీ వినబడింది.

"ఒరేయ్, నడిసముద్రంలో ఇనప మంచాలు ఎవడు కొంటాడ్రా?"

లాంబ్రోస్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, కిటికీ అద్దం కూడా మూశాడు.

"ఇంట్లో ఉన్నారా? తలుపులేసుకుని?" అంది జంబెటమ్మ. "నిజం చెప్పరా. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. డెస్పినాకి... కొంచెం కూర్చోవాలనిపించింది."

"అంతేనా! నా గుండె ఆగినంత పనైంది కదరా!" అని ముసలావిడ గట్టిగా ఊపిరి తీసింది. ఆమెకి కోపం రాలేదు. అదే ఇంకా పెద్ద కష్టం. "పోన్లే, కూర్చోనీ. పాపం, ఇంతమందిమి తలో దీవి మీదా పడి దాని పండగ పాడు చేశాం. ఏం పర్లేదు, ఇరవైమూడున మరియమాత తొమ్మిదో రోజు పండగ ఉండనే ఉందిగా. కిత్నోస్ వాళ్ళకీ, సెరిఫోస్ వాళ్ళకీ, సిఫ్నోస్ వాళ్ళకీ అందరికీ నేను ఫోన్ చేస్తా. కల్లియోపి కూడా వస్తానంటోంది, దాని కోడళ్ళతో. ఒకేసారి అందరం మీ ఇంటికే వచ్చేస్తాం. ఫాదరుకీ చెబుతాను."

లాంబ్రోస్ ఫోను కింద పెట్టి భార్య వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూశాడు.

డెస్పినా బకెట్లోంచి కాళ్ళు తియ్యలేదు. చెయ్యి మాత్రం చాచింది. అతను ఫోను ఇచ్చాడు. ఆమె పనాయిస్ నంబరు కొట్టింది. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనకాల అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నాయనా, నేను డెస్పినాని. తొమ్మిదో రోజు పండక్కి నీ పడవ ఖాళీయేనా?"

"ఏ డెస్పినా అమ్మా?" అన్నాడు పనాయిస్ నిద్రగొంతుతో. "ఆ రోజుకి రేవులో ఉన్న పడవలన్నీ డెస్పినాలే మాట్లాడుకున్నారు."