లాంటింగ్‌కు రాని కల

ఆ ఉదయం లాంటింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గుట్ట మీదికి వెళ్ళి కొలతలు వేయించాలి, ఎండెక్కేలోగా మేస్త్రీ చేత పునాది తవ్వకం మొదలుపెట్టించాలి. ఏటి మీద పొగమంచు ఇంకా లేవలేదు. రేవులో కట్టిన పడవలు నిద్రలో అటూ ఇటూ ఒత్తిగిల్లుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. మా ఏటి ఎగువన అలాంటి పూట ఏ పని తలపెట్టినా అయిపోయినట్టే అనిపిస్తుంది.

లాంటింగ్ యవ్వనమంతా సముద్రం మధ్య చమురు తోడే ఇనప దిబ్బ మీదే గడిచింది. ఈ మధ్యే అదంతా వదిలేసి, కూడబెట్టిందంతా మూటగట్టుకుని వచ్చేశాడు. ఊళ్ళోనే పెట్టుబడి పెడతానన్నాడు. పిట్టల మేడ కడతాడట. ఉమ్మితో గూడు కట్టుకునే పిట్టలున్నాయి కదా, ఆ గూళ్ళతో చారు కాచుకోవడానికి పట్నంలో చీనావాళ్ళు వెండి తూచినట్టు తూచి కొంటారు. కిటికీల్లేని సిమెంటు మేడ కట్టి, లోపల పిట్టకూతలు పాడే పెట్టె పెడితే, దారినపోయే పిట్టలు చుట్టాలెవరో పిలుస్తున్నారనుకుని దిగిపోతాయి. మేడ నిలబడకపోతే మళ్ళీ సముద్రం మీదికే. ఆ మాట అతను ఒక్కసారే అన్నాడు, భార్య సెండి మాత్రం రోజూ వింటూనే ఉంది.

సెండికి పిట్టల మీద నమ్మకమూ లేదు, కోపమూ లేదు. ఆమె దిగులు వేరు. వచ్చిన దగ్గర్నుంచి మొగుడికి రాత్రిళ్ళు నిద్ర లేదు. యంత్రాల హోరులో పడుకోవడానికి అలవాటుపడ్డ మనిషికి ఇక్కడి నిశ్శబ్దం గుచ్చుకుంటోంది. సొంతింట్లో నిద్రపట్టని మనిషి ఆ ఇంట్లో ఎన్నాళ్ళుంటాడని ఆమె భయం.

గుట్టకు బయల్దేరినవాణ్ణి ఇంటిపెద్ద సంగ్గౌ తాత వసారాలోనే ఆపాడు. మాది పొడుగిల్లు. ఊరంతా ఒకే కప్పు కింద ఉంటుంది. ఎవరి వాటా వారిదే గానీ ముందున్న పొడవాటి వసారా మాత్రం అందరిదీ.

"ఏరా, గుట్ట మీద ఏదో లేపుతున్నావంట?"

"పిట్టల మేడ తాతా. సిమెంటు రేవులో దిగింది. మేస్త్రీ కూడా వచ్చేశాడు."

"అవన్నీ సరేలే. కలేమన్నా వచ్చిందా?"

మా పొడుగింట్లో కల రానిదే ఎవరూ గుంజ పాతరు, పోడు కొట్టరు, పిల్లనడగరు. లాంటింగ్‌కు ఆ సంగతి తెలియక కాదు, సముద్రం మీద ఎవరూ అడక్కపోయేసరికి మర్చిపోయాడు. రాలేదంటే వచ్చేదాకా ఆగమంటారు. చూస్తే వానాకాలం, సిమెంటేమో ఆగే సరుకు కాదు.

"వచ్చింది తాతా. ఒక పిట్ట వచ్చి గుట్ట మీద వాలింది."

అంతటితో అయిపోతుందనుకున్నాడు. చాపలు అల్లుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు దగ్గరికి జరిగారు.

"ఎక్కణ్ణుంచి వచ్చి వాలింది?" అడిగాడు తాత.

లాంటింగ్ దిక్కులు చూశాడు. ఎదురుగా సెండి అమ్మమ్మ రెంబా అవ్వ గోడకానుకుని వక్క నములుతోంది. "ఒక ముసలావిడ పడుకుని ఉంది తాతా. ఆవిడ నెత్తి మీది అటకలో కూర్చుని పాడింది. పాడి పాడి, అప్పుడు గుట్టకెళ్ళింది."

రెంబా అవ్వ నమలడం ఆపింది. "ఆవిడకి పళ్ళున్నాయా?"

"లే... లేవు."

"నేనేనర్రా!" అంది అవ్వ, చుట్టూ అందరినీ చూస్తూ. "ఎన్నాళ్ళకి ఒకళ్ళ కలలో కనబడ్డాను!"

"ఇంకెవరున్నారక్కడ?" తాత వదల్లేదు.

"ఇంకెవరూ లేరు. పందొకటుంది, అంతే." ఇంటిని మోసే గుంజల మధ్య, కింద పందులు గురగురమంటుంటే అతని నోటికి అదే వచ్చింది.

"ఏం చేస్తోంది?"

"నవ్వుతోంది!" అన్నాడు లాంటింగ్ విసుగ్గా.

నవ్విన పందిని మా ఏటి మీద అంతవరకూ ఎవరూ కలగనలేదు. సెండి అన్న మెరింగాయ్ తల పంకించాడు. "జీతగాడివి కదా బావా, మామూలు కలలు నీకు ఆనవు."

పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకున్నాక తాత తీర్పు చెప్పాడు. కలలో ఏది ముందు జరిగిందో బయట కూడా అదే ముందు జరగాలి. ముందు అవ్వ నెత్తి మీద పాట. తర్వాత పందిని కోసి విందు. ఆ తర్వాతే గుట్ట. పాడే పిట్ట ఎక్కడిదని ఎవరో అడిగారు. "మా బావ పెట్టెలో ఉందిగా!" అన్నాడు మెరింగాయ్. మధ్యాహ్నానికల్లా పిట్టకూతల పెట్టె వడ్లు దాచుకునే చీకటి అటకలోకి ఎక్కింది. దాని కింద రెంబా అవ్వ కొత్త చీర చుట్టుకుని, కలలో ఉన్నట్టే ఉండాలని కళ్ళు మూసుకుని పడుకుంది.

పందిని కోస్తున్నారంటే మా ఏటి మీద కబురు పంపక్కర్లేదు. ఎగువ వాళ్ళు వచ్చారు, దిగువ వాళ్ళు వచ్చారు, దారితప్పిన ఇద్దరు కలప వ్యాపారులు కూడా వచ్చారు. నవ్విన పంది ఏదని అడిగి మరీ చూశారు. వసారా చాలలేదు. ఎదురుగా ఆరుబయట వెదురు అరుగు మీద పందిరి వెయ్యాలన్నారు. పందిరికి కప్పేమిటన్నారు. రేవులో సిమెంటు బస్తాల మీద పెద్ద నీలం పట్టా ఉందని మెరింగాయ్‌కు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం వాన దిగింది. కొండల మీది నుంచి తెల్లటి తెరలా జరిగి వచ్చి, ఏటిని కప్పేసి, పందిరి మీద తీరిగ్గా పాడింది. కింద అందరూ పొడిగా కూర్చుని, బొంగుల్లో ఉడికిన మాంసం తింటూ, బియ్యపు కల్లు తాగుతూ, లాంటింగ్ ఎంత మంచి కల కన్నాడో చెప్పుకున్నారు. అతనికీ ఆ కల్లులో అంతా తీయగానే తోచింది. తెల్లారి రేవుకు వెళ్ళి చూస్తే బస్తాలన్నీ ఏటిగట్టు రాళ్ళలో కలిసిపోయాయి. ఏది రాయో ఏది బస్తానో తట్టి చూస్తే గానీ తెలియలేదు.

మేస్త్రీనన్నా పట్టుకుందామని పరిగెత్తుకొచ్చాడు. మేస్త్రీ లేడు. అతనికీ కల వచ్చిందట, కలలో వాళ్ళావిడ పిలిచిందట. కల వచ్చాక ఆగకూడదని సంగ్గౌ తాతే దగ్గరుండి పడవ ఎక్కించాడు.

ఇక మిగిలింది పెట్టె. అది రాత్రనక పగలనక కిచకిచలాడుతూనే ఉంది. ఒకే కప్పు గనుక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎవరికీ కన్ను మూతపడలేదు. నిద్ర లేక కలలు లేవు, కలలు లేక ఎవరూ పోడు మొదలుపెట్టలేదు. గుర్రుపెట్టి నిద్రపోయినవాడు మొత్తం ఇంట్లో ఒక్కడే, లాంటింగ్. ఆ రొదలో, ఇంటికొచ్చాక మొదటిసారి, చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని పడుకున్నాడు. సెండి పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అమ్మా సెండీ, నీ కాళ్ళు పట్టుకుంటాం, ఆ పెట్టె ఆపించు," అని ఒదినలూ పిన్నులూ వచ్చారు.

"నేనెవర్ని ఆపడానికి? వరస తప్పకూడదని తాతే అన్నాడుగా. పిట్ట గుట్టకెళ్ళేదాకా పాడాల్సిందే."

తాత ఎర్రబడ్డ కళ్ళు నలుపుకుంటూ, అనకపోతే బాగుండేదని గొణుక్కున్నాడు.

ఎన్ని రాత్రులు నిద్రపోయినా సిమెంటు మళ్ళీ పిండి కాదు. ఒకరోజు లాంటింగ్ గుట్టెక్కి, ఫోను పలికే చోట నిలబడి, పాత కంపెనీకి ఫోను చేశాడు. రమ్మన్నారు. సెండి పాత సంచీ దులిపి, చొక్కాలు మడతపెట్టి, ఎండుచేప ఆకులో చుట్టి పెట్టింది. మడతపెట్టిన చొక్కాలే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

తెల్లవారుతుండగా అతను సంచీ భుజాన వేసుకుని రేవులోకి దిగాడు. పడవ కట్టు విప్పుతుంటే పొడుగింట్లోంచి పెద్ద కేక వినిపించింది.

"నా మొహం మీద రెట్ట వేసింది! ఒరే లాంటింగూ! మొహం మీదేనురా!"

రెంబా అవ్వ గొంతే. అందరూ పైకి చూశారు. అటక కొస చిల్లులోంచి నల్లటి పిట్టలు ఒకదాని వెనక ఒకటి జారి, పొగమంచులోకి దూకి, ఏటి మీద తిరగసాగాయి. చిన్న కత్తుల్లాంటి రెక్కలు. పెట్టెలో కూత క్షణం ఆగినప్పుడు కూడా అటకలో కూత ఆగలేదు.

లాంటింగ్ మోకాలిలోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు. సెండి మెట్లు దిగి వచ్చింది.

"నా కల నిజమైంది సెండీ."

"నీకు కలెక్కడిది? ఆ రాత్రంతా కళ్ళు తెరుచుకుని కప్పు వాసాలు లెక్కపెట్టావు. పక్కన నేను లేనా?"

అతని మొహం వాడిపోయింది. "మరి ఆవేళ అందరి ముందూ ఎందుకనలేదు?"

"ఇన్నేళ్ళూ నువ్వు వెళ్ళడానికి అబద్ధాలు చెప్పావు. ఉండిపోవడానికి చెప్పింది అదొక్కటే. పాడుచెయ్య బుద్ధి కాలేదు." ఆమె చెయ్యి చాపి సంచీ తీసుకుంది. లాంటింగ్ ఏటి నీళ్ళతో మొహం కడుక్కున్నాడు, అవసరమైనదాని కంటే ఎక్కువసేపు.

ఆ ఏడు అటక దూలాలకు తెల్లటి గూళ్ళు వేలాడాయి. అటక రెంబా అవ్వది గనుక వాటికి యజమానురాలు ఆవిడే. లాంటింగ్ నిచ్చెనెక్కి కోస్తాడు, అవ్వ కింద గొడుగేసుకుని కూర్చుని పెత్తనం చేస్తుంది. సంసారానికి లోటు లేదు. గుట్ట మాత్రం ఖాళీగానే ఉంది, పొద్దున పూట మంచులో అక్కడ నిజంగానే ఒక మేడ ఉన్నట్టు కనిపిస్తుంది.

చిక్కల్లా మిగతా వాటాలకే. పెట్టె ఆపితే పిట్టలు పోతాయి, ఆపకపోతే నిద్ర రాదు. పొలంలో కునుకు తీస్తే వచ్చే కల చెల్లదని తాత తేల్చేశాడు. అందుకని ఎవరు గుంజ పాతాలన్నా, పోడు కొట్టాలన్నా, పిల్లనడగాలన్నా కల్లు కుండ పట్టుకుని లాంటింగ్ దగ్గరికే వస్తున్నారు. పట్టపగలే చాప పరిచి అతన్ని పడుకోబెడుతున్నారు.

లేచాక ఏం చెప్పాలో సెండి ముందే చెప్పి పడుకోబెడుతుంది.