లోపల ఏనుగులు, పైన అద్దె గదులు

ఒక పెద్ద అడవిలో మంటలు ఏటా వేళకి వచ్చేవి. వాటిని ఆర్పే ఏనుగులే వేళకి వచ్చేవి కావు.

ఇందులో ఏనుగుల తప్పేమీ లేదు. వాటి మకాం చెరువు దగ్గర, చెరువు అడవికి ఆ చివర. కబురు అందుకుని, తొండాల నిండా నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి ఆర్పడానికి బూడిద తప్ప ఏమీ మిగిలేది కాదు. వచ్చినందుకు ఆ బూడిద మీదే నీళ్ళు చిమ్మి, బాధితుల్ని పరామర్శించి వెళ్ళిపోయేవి.

కిందటి వేసవిలో అలా పరామర్శ అందుకున్న వాళ్ళలో ముళ్ళపంది కోటమ్మ ఒకతె. ఆమె బొరియ కాలిపోయింది. మొగుడు సూరయ్య ప్రాణాలతో బయటపడ్డాడు గాని నాలుగు పాదాలూ కమిలిపోయాయి. ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉంటాడు.

కోటమ్మది నడిబజారులో దువ్వే పని. రాలిన తన ముళ్ళనే దువ్వెనగా కట్టుకుని అందరి జూలూ తోకలూ దువ్వి చిక్కు తీసేది. చెయ్యి మెత్తన, నోరు దురుసు. రోజూ తెల్లారగానే అడవి అంచున రాళ్ళ సందులో సూరయ్యని పడుకోబెట్టి, పక్కన దొప్పలో నీళ్ళు పెట్టి, రెండు కోసుల దూరం నడిచి బజారుకొచ్చేది. దువ్వుతున్నంతసేపూ ఒక కన్ను ఆకాశం మీదే ఉండేది. పొగ కనిపిస్తే తను పరుగెత్తి వెళ్ళేలోపు ఆయన గతేమిటి?

బజారులోనే ఒక అద్దె బొరియ చూసుకుందామని తిరగని చోటు లేదు.

"ఏం తింటారు?" అని అడిగింది ఉడుము ఇల్లుగలావిడ.

"దుంపలూ వేర్లూనండి."

"మంచిదే, మేమూ పద్ధతిగా ఉండే వాళ్ళనే చూస్తున్నాం. మరి ఆ ముళ్ళు బయట వదిలేసి వస్తారా?"

"మీరు తోక బయట వదిలేసి పడుకుంటారా?" అంది కోటమ్మ. ఆ ఇల్లు అలా పోయింది. మిగతా ఇళ్ళు అద్దె మాట వినగానే పోయాయి.

ఒకరోజు అడవి సభ జరుగుతోంది. ప్రెసిడెంటు అడవిపంది వరహాలరావుకి సభలో కూర్చున్నప్పుడే వీపు దువ్వించుకోవడం అలవాటు. కాబట్టి కోటమ్మ కూడా అక్కడే ఉంది.

"రెండు గొడవలున్నాయి," అన్నాడు వరహాలరావు కళ్ళు మూసుకుని. "మంటలంటూ ఒక గొడవ. బజారులో పనిచేసే వాళ్ళకి బజారులో ఇళ్ళు లేవంటూ ఒక గొడవ. రెండిటికీ రెండు భవనాలంటే స్థలమెక్కడిది?"

సభ సెక్రటరీ కొంగ ధ్యానయ్య అప్పటిదాకా ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఇప్పుడు రెండో కాలు దించాడు. అంటే ఆయనకి ఆలోచన వచ్చిందన్నమాట.

"ఒకటే భవనం కడదామండి. కింద ఫైర్ స్టేషన్, ఏనుగులు ఉంటాయి. పైన గదులు, తక్కువ అద్దెకి పనివాళ్ళుంటారు. నడిబజారులో మన సభ స్థలం ఖాళీగానే ఉంది గదా."

కోటమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. తను బజారులో, సూరయ్య మేడ మీద, కింద ఏనుగులు! మధ్యాహ్నం వెళ్ళి ఆయన నోట్లో ఇంత ముద్ద పెట్టి రావచ్చు. మంటొస్తే ఆర్పేవాళ్ళు కింది వాటాలోనే ఉంటారు.

"ఎప్పుడు కడతారు బాబుగారూ?" అని అడిగేసింది.

"ఇంకాస్త ఎడంపక్క దువ్వు," అన్నాడు వరహాలరావు. "శంకుస్థాపన రేపే."

ఆయన అన్నమాట ప్రకారం శంకుస్థాపన మర్నాడే జరిగింది. కాంట్రాక్టు చెదపురుగులకిచ్చారు. కట్టడంలోనూ కొరకడంలోనూ వాటికి సాటి లేదు. గోడలు చకచకా లేచాయి.

గోడలు కనిపించే ఎత్తుకి లేవగానే నెమళ్ళ కాలనీకి మెలకువ వచ్చింది. బజారు వీధి చివరే వాళ్ళ కాలనీ. చల్లని నీడలు, ఎండుగడ్డితో అందంగా అల్లిన పందిళ్ళు, వేళకి నిద్ర, వేళకి నాట్యం. కాలనీ సంఘం అధ్యక్షుడు నీలకంఠం పింఛం ఈడ్చుకుంటూ సభకి వచ్చాడు.

"పేదవాళ్ళంటే మాకు చాలా అభిమానం," అని మొదలుపెట్టాడు. "ఆ అభిమానం ఇలాగే ఉండాలంటే కాస్త దూరం అవసరం. అయినా సభవారి మాట కాదనం. చిన్న చిన్న మార్పులు అడుగుతున్నాం, అంతే."

"చెప్పండి, చెప్పండి," అన్నాడు వరహాలరావు. ఎన్నికల్లో నెమళ్ళ కాలనీ ఓట్లన్నీ ఒకే డబ్బాలో పడతాయి.

"ఏనుగుల ఘీంకారానికి మా పిల్లలు ఉలిక్కిపడతారు. మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి ఎండ వాలేదాకా ఘీంకరించకూడదు. తప్పనిసరైతే నా దగ్గర అనుమతి తీసుకోవాలి. రెండోది, ఆ ద్వారం. అంత పెద్ద గుమ్మం వీధికే వికారం. సన్నగా, పింఛం ఆకారంలో ఒక తోరణం కట్టిస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. స్టేషన్ ముందు తవ్విన నీళ్ళ గుంటలో తామరలు వేయించండి."

"రాసుకో ధ్యానయ్యా," అన్నాడు వరహాలరావు.

ఏనుగుల పెద్ద కరియమ్మ సభలో మూలన నిలబడి ఇదంతా వింటోంది. పెద్ద వయసు, నెమ్మదైన స్వభావం. ఆమె వెనక ఇద్దరు చెల్లెళ్ళు.

"బాబూ," అంది కరియమ్మ. "మీరు చెప్పే ఆ గుమ్మంలో నా తొండం పడుతుంది. నేను పట్టను."

ధ్యానయ్య మళ్ళీ రెండో కాలు దించాడు.

"దానికేముందమ్మా! ముందు మీరు లోపలికి వెళ్ళి ఉండండి. గుమ్మం తర్వాత కడతాం."

సభ్యులందరూ చప్పట్లు కొట్టారు. తీర్మానం ఏకగ్రీవం. కరియమ్మ ఇంకేదో అనబోయింది గాని, ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

అలాగే ఏనుగులు లోపలికి వెళ్ళాయి. గుమ్మం తర్వాత కట్టారు.

పై గదుల కోసం కోటమ్మ అర్జీ పెట్టుకుంది. ధ్యానయ్య దాన్ని ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూడేళ్ళుగా బజారులోనే నివాసం ఉంటున్నట్టు ఋజువేదీ?"

"బజారులో ఉండడానికి చోటు లేకే కదయ్యా అర్జీ పెట్టింది."

"అదే నేననేది. ఇన్నాళ్ళూ ఇక్కడ లేకుండా గడిపావంటే నీకు ఇక్కడ అవసరం లేదనే గదా?"

"మరి మూడేళ్ళుగా ఇక్కడ నివాసం ఉన్నవాడికి ఇల్లెందుకయ్యా?"

ధ్యానయ్య ఒంటికాలి మీదికి వెళ్ళిపోయాడు. ఆయన అలా నిలబడితే ఆఫీసు మూసేసినట్టే.

గదులన్నీ వరహాలరావు బావమరుదులకీ వాళ్ళ బావమరుదులకీ వచ్చాయి. పేదలమని అందరూ ప్రమాణపత్రాలు తెచ్చారు, సంతకం వరహాలరావుదే. ఒక్క గది మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. అది సరిగ్గా తోరణం మీద ఉంది. కింద ఏనుగులు గురక పెడితే నేల అదురుతుంది.

"ఆ గది ఆ ముళ్ళావిడకి ఇచ్చెయ్యి," అన్నాడు వరహాలరావు. "ఒక్క పేద కూడా లేకపోతే బాగుండదు."

కోటమ్మ సూరయ్యని వీపున కట్టుకుని ఆ మెట్లెక్కిన రోజు బజారంతా చూసింది. ఆమె ముళ్ళు గుచ్చుకుంటాయేమోనని ఆయన ఆకుల మూట మధ్యలో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర దించితే వీధి వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఏం మావా, నచ్చలేదా?"

"మనుషుల్లో పడ్డట్టుంది కోటీ," అన్నాడు సూరయ్య. జంతువులు కూడా అలాగే అంటాయి.

రోజూ తెల్లారుతుండగా కరియమ్మ తోరణంలోంచి తొండం చాచి, గుంటలో నీళ్ళు తీసి, కిటికీలోంచి సూరయ్య పాదాల మీద సన్నగా పోసేది. ఆ చల్లదనానికి పుండ్లు మానసాగాయి. కోటమ్మ కిందికి దిగి ఆమె చెవుల వెనక దువ్వేది.

"పెద్దమ్మా, నువ్వు అసలు బయటికి ఎలా వస్తావు?" అని ఒకనాడు అడిగింది.

"సభకి రాసి పంపానే. 'ప్రస్తుతం మంటలు లేనందున బయటికి రావలసిన అవసరం లేదు' అని జవాబొచ్చింది."

మరో నెలకి, ఒక మధ్యాహ్నం, సూరయ్యకి ముద్ద కలుపుతున్న కోటమ్మకి కిటికీలోంచి పొగ కనిపించింది. ఎక్కడినుంచో గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ నెమళ్ళ కాలనీలో ఎండుగడ్డి పందిరి మీద పడింది. వీధి చివర ఒక పందిరి అప్పటికే భగ్గుమంటోంది. లోపల అందరూ మంచి నిద్రలో ఉన్నారు.

"పెద్దమ్మా, మంట! ఘీంకరించు!"

"ఇది నిద్రవేళ. నీలకంఠం అనుమతి లేకుండా నోరెత్తితే నన్నూ నా చెల్లెళ్ళనీ పనిలోంచి తీసేస్తారమ్మా."

కోటమ్మ మెట్లు దొర్లుకుంటూ దిగి కాలనీకి పరుగెత్తింది. నీలకంఠం పింఛం ముడుచుకుని, కొమ్మ మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"అయ్యా! ఘీంకరించడానికి అనుమతి కావాలి!"

"ఎండ వాలాక రా," అన్నాడు కళ్ళు తెరవకుండా.

"అయ్యా, మంట!"

"దరఖాస్తులో రాసి పెట్టి వెళ్ళు."

అంతలో ఆయన పింఛం చివర చురుక్కుమంది. ఒక్క గెంతు గెంతి నేల మీద పడ్డాడు. "ఏనుగులేవీ? ఎక్కడ చచ్చాయి? ఇంత పెద్ద ఫైర్ స్టేషన్ కట్టించి..."

ఆయన కేకలకి కాలనీ అంతా లేచింది. ఆయనా కోటమ్మా స్టేషన్ దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి ఏనుగులు గుమ్మం దాకా వచ్చి ఉన్నాయి. తొండాలు మాత్రం బయటికొచ్చాయి. వాటితో గుంటలో నీళ్ళు తీసి చిమ్మితే తామరలు తడిశాయి గాని, కాలనీ దాకా చుక్క పోలేదు.

వరహాలరావు రొప్పుకుంటూ వచ్చాడు. ధ్యానయ్య ఎగురుకుంటూ వచ్చాడు.

"తోరణం పగలగొట్టండి!" అని అరిచాడు నీలకంఠం.

"సభ ఆస్తి పగలగొట్టాలంటే తీర్మానం కావాలి," అన్నాడు ధ్యానయ్య. "సభ్యుల్లో సగం మందైనా ఉండాలి. కొందరు కాలనీలో చిక్కుకుపోయారు, వాళ్ళు రాగానే..."

కరియమ్మ ఇవేవీ వినడం లేదు. నుదురు తోరణానికి ఆనించి, కోటమ్మ వైపు చూస్తోంది.

"ఈ తోరణం మీద నీ గది ఉందమ్మాయ్. నేను తోస్తే అది నిలవదు."

కాలనీలోంచి పిల్ల నెమళ్ళ ఏడుపు వినిపిస్తోంది. ఒకప్పుడు తన బొరియ కాలుతున్నప్పుడు సూరయ్య అరిచిన అరుపు కోటమ్మకి చెవిలో మోగింది. తలెత్తి కిటికీ వైపు చూసింది. ఈ గది పోతే మళ్ళీ ఏ ఇల్లుగలావిడ తలుపు తడుతుంది? ఎన్ని మాటలు పడుతుంది?

కిటికీలోంచి సూరయ్య తొంగి చూశాడు. "ఏం ఆలోచిస్తున్నావే? వచ్చి నన్ను దించు!"

కోటమ్మ మూడు అంగల్లో మెట్లెక్కింది. మిగతా గదుల్లో బావమరుదులు ఎవరూ లేరు. ఆ గదుల్ని వాళ్ళు తాళం వేసి ఉంచారు, ధర పెరిగాక అద్దెకిద్దామని. సూరయ్యని వీపున వేసుకుని కిందికొచ్చి, "తొయ్యి పెద్దమ్మా!" అని అరిచింది.

కరియమ్మ తోసింది. పింఛం ఆకారపు తోరణం, దాని మీది గది, కిటికీ, కలిపిన ముద్ద, అన్నీ ఒక్కసారి కూలాయి. దుమ్ములోంచి మూడు ఏనుగులు బయటికొచ్చి గుంటలో నీళ్ళన్నీ తామరలతో సహా పీల్చి వీధి వెంట పరుగెత్తాయి. సాయంత్రానికి మంట ఆరింది. కాలనీ సగం పోయింది, ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. పిల్ల నెమళ్ళన్నిటినీ కరియమ్మ చెల్లెళ్ళు తొండాలతో ఎత్తి తెచ్చారు.

మర్నాడే విచారణ సంఘం కూర్చుంది. మూడు రోజుల్లో నివేదిక ఇచ్చింది. ధ్యానయ్య చదివాడు.

"ఫైర్ స్టేషన్ కట్టక ముందు నెమళ్ళ కాలనీలో ఎన్నడూ మంట రాలేదు. కట్టాకే వచ్చింది. కాబట్టి ఫైర్ స్టేషన్‌ని బజారులోంచి తీసివేయాలి. తీర్మానం లేకుండా సభ ఆస్తిని కూల్చినందుకు కరియమ్మ, కూల్చమని ప్రోత్సహించినందుకు కోటమ్మ బాధ్యులు."

"నేను ప్రోత్సహించిన మాట నిజమే," అంది కోటమ్మ. "మరి మీరందరూ అక్కడ నిలబడి ఏం చేశారో కూడా రాశారా?"

"సభవారు ఘటనా స్థలంలో ఉండి పర్యవేక్షించారు," అని చదివాడు ధ్యానయ్య.

నీలకంఠం కాలిన పింఛానికి కట్టు కట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. అతను నేల వైపే చూస్తున్నాడు. మిగిలిన గదులు ఇప్పుడు ఇల్లు పోయిన నిరుపేదలకి, అంటే నెమళ్ళకి, తక్కువ అద్దెకి కేటాయించారు. ఎండుగడ్డి పందిరి మేడ మీద వేసుకోవచ్చునని అనుమతి కూడా ఇచ్చారు.

ఏనుగులు చెరువు దారి పట్టాయి. కోటమ్మ సూరయ్యని వీపున కట్టుకుంటుంటే కరియమ్మ ఆగి, తొండంతో అతన్ని ఎత్తి తన మెడ మీద కూర్చోబెట్టుకుంది.

"చెరువు గట్టున బోలెడు చోటుంది. అద్దె అడిగేవాళ్ళు లేరు. రా."

"అంత దూరం నుంచి బజారుకి ఎలా వస్తాను పెద్దమ్మా?"

"ఎందుకు రావడం? మా చెవుల వెనక చిక్కు తియ్యడానికే నీకు ఏడాది చాలదు."

కోటమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. సూరయ్య ఏనుగు మెడ మీంచి అడవంతా చూస్తూ, ఇంత ఎత్తు మేడ ఎవరికుంది అన్నాడు. అలా అందరూ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

కనక ఈ కథలో నీతి ఏమిటంటే: తప్పెప్పుడూ మంట ఆర్పినవాడిదే, ఎందుకంటే విచారణ మొదలయ్యేసరికి అక్కడ మంట ఉండదు, వాడొక్కడే ఉంటాడు.