కారును గుద్దిన టీకొట్టు

"కళ ద్వారా న్యాయం, న్యాయం ద్వారా కళ!" అని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున మా నాటక సమాజానికి దశ తిరిగింది. నేను అందులో ప్రాంప్టర్‌ని. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటులు మరిచిపోయిన డైలాగులు అందిస్తుంటాను.

నాటకం మంత్రిగారి అల్లుడిగారి మీద. ఆయన కారు ఒక ఉదయం పేవ్‌మెంటెక్కి, మా అందరికీ టీ పోసే పిన్ని కొట్టును నుజ్జునుజ్జు చేసింది. కొట్టు మళ్ళీ కట్టిస్తే చాలని పిన్ని కేసు పెట్టింది. పెద్దల మనసు ఎంత సున్నితమో చూడండి, విచారణకు ముందే నాటకం రాయించారు.

అందులో కారు కదలదు. కొట్టే పరుగెత్తుకొచ్చి కారును గుద్దుతుంది.

"కొట్టుకి కాళ్ళుంటాయా సార్?" అన్నాను రిహార్సల్లో.

"నాలుగున్నాయిగా!" అన్నారు మంత్రిగారు.

అల్లుడిగారి పాత్ర అల్లుడిగారే వేశారు. ఏకైక సాక్షి అయిన ట్రాఫిక్ కానిస్టేబుల్ పాత్ర ఆ కానిస్టేబులే వేశాడు. కొట్టు వేషం మంత్రిగారి పీఏది. పదిహేను ప్రదర్శనలు, పదిహేనూ హౌస్‌ఫుల్. చివర్లో కొట్టు "తప్పంతా నాదే బాబుగారూ!" అని కాళ్ళ మీద పడితే, అల్లుడిగారు పగిలిన హెడ్‌లైటును గుండెకు హత్తుకుని క్షమించేవారు. హాలంతా ముక్కులు చీదేది. బయట ఆటోగ్రాఫుల కోసం తొక్కిసలాట.

పిన్నికి రెండో వరసలో ఫ్రీ పాసు ఇచ్చారు. మొదటి వరస జడ్జిగారిది. ప్రతిసారీ ఆయనే ముఖ్య అతిథి.

విచారణ రోజున మంత్రిగారు నన్ను పిలిచి, "కానిస్టేబుల్‌కి మతిమరుపయ్యా. స్క్రిప్టు పట్టుకుని దగ్గర్లో కూర్చో" అన్నారు. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మన అదృష్టం.

కానిస్టేబుల్ బోనెక్కాడు. "కారు ఆగి ఉందండి. అప్పుడు... అప్పుడూ..." అని నీళ్ళు నమిలాడు. నేను పేజీ వెతికేలోపే పైనుంచి మెల్లగా వినిపించింది.

"కొట్టు పరుగు లంకించుకుంది."

జడ్జిగారు!

"కొట్టు పరుగు లంకించుకుందండి!" అన్నాడు కానిస్టేబుల్ తేరుకుని.

"సాక్ష్యం సహజంగా ఉంది" అని జడ్జిగారు రాసుకున్నారు.

నా ఉద్యోగానికి పోటీ వచ్చిందని దిగులు పడుతుంటే, పక్కనుంచి పిన్ని నా చొక్కా లాగింది. ఉతికిన చీర కట్టుకుని, చెప్పాల్సింది పొద్దున్నుంచీ లోలోపల వల్లెవేసుకుంటోంది.

"బాబూ, నా మాట ఎప్పుడొస్తుంది?"

స్క్రిప్టు మొదటినుంచీ తిరగేశాను. సిగ్గేసి ఇంకోసారి తిరగేశాను. కొట్టుకు ఎనిమిది డైలాగులున్నాయి. పిన్నికి ఒక్కటీ లేదు.