మీటరు తిప్పని మనిషి

పాత కారు అమ్మేటప్పుడు నిజం చెప్పేవాణ్ణి అరెస్టు చేయాలి. బెయిలు కూడా ఇవ్వకూడదు!

కోప్పడకండి. నిదానంగా ఆలోచించే చెబుతున్నాను. మన మంగోలియా రాజధాని ఈ ఉలాన్‌బాతర్ నగరంలో ఇరవై ఏళ్ళుగా పాత కార్లు కొన్నవాణ్ణి, అమ్మినవాణ్ణి, మంచులో తోసినవాణ్ణి. ఆ అనుభవంతో అంటున్నాను: కార్ల సంతలో అబద్ధం ఒక ప్రజాసేవ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మన ఊళ్ళోనే ఉంది కాబట్టి దాని విలువ మనకు తెలియడం లేదు.

మీటరు సంగతే తీసుకోండి. జపాన్‌లో పదిహేనేళ్ళు తిరిగి, ఓడెక్కి, గోబీ ఎడారి దాటి మన దాకా వచ్చిన కారు ఎన్ని కిలోమీటర్లు నడిచినట్టు చూపిస్తుంది? తొంభై వేలు. పక్కనున్న కారు? తొంభై వేలు. టాక్సీగా తిరిగి తిరిగి సీట్లు అరిగిపోయిన కారు? అదీ తొంభై వేలే! ఎంత సమానత్వం! దీనికోసం మా తాతలు జెండాలు పట్టుకుని ఎన్ని ఊరేగింపులు తీశారు? అప్పుడు వచ్చిందా?

పైగా ఇందులో మోసపోయేవాడెవడు? కొనేవాడు తొంభై చూసి మూడుతో గుణించుకుంటాడు. గుణించుకుంటాడని అమ్మేవాడికీ తెలుసు. ఇద్దరూ ఒకే ఎక్కం చదువుకున్నారు. 'ఒకే ఓనరు' అంటే అయిదుగురు. 'ఆడవాళ్ళు నడిపిన బండి' అంటే టాక్సీ. 'చిన్న గీత పడింది' అంటే బోల్తా కొట్టింది. 'చలికాలంలో ఒక్క పిలుపుకే లేస్తుంది' అంటే కింద కుంపటి పెట్టాలి. ఇంత స్పష్టమైన భాష ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

ఇంత చక్కగా సాగిపోతున్న ఏర్పాటులోకి ఒక నిజాయితీపరుడు వచ్చి దూరాడు. పేరు గొంబోసురెన్. గొంబో అంటాం.

మా కింది అంతస్తులో ఉంటాడు. వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుగా రోజుకి నాలుగుసార్లు చలి ఎంత ఉందో చూసి పుస్తకంలో రాస్తాడు. "చలి ఎలా ఉంది గొంబో?" అని పలకరిస్తే అందరిలా "చంపేస్తోంది" అనడు. "మైనస్ ముప్ఫై ఒకటి పాయింట్ నాలుగు. గాలి వాయవ్యం నుంచి" అంటాడు. అలాంటివాడి చేతిలో పాత కారు ఉండడమే ప్రమాదం.

పోయిన శరదృతువులో ఆయన కూతురికి కవలలు పుట్టారు. ఉన్న చిన్న కారులో కుటుంబం పట్టదు. అమ్మేసి పెద్దది కొనాలనుకున్నాడు. ఆయన భార్య ఉరానకు ఒక తమ్ముడున్నాడు, చోగో అని. సంతలో పాత కార్ల వ్యాపారం. వాడు ఆదివారం టీకి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"బావా, బండి నాకిచ్చెయ్యి. సాయంత్రానికల్లా మీటరు తొంభైకి దించుతా. వారం తిరక్కుండా పోతుంది."

"అది రెండు లక్షల ఎనభై ఏడు వేలు తిరిగింది చోగో."

"తిరిగితే తిరిగింది, చాటింపు వెయ్యాలా? మా అక్క వయసు ఎంతో నువ్వు ఊరంతా చెప్పుకుంటావా?"

"మధ్యలో నన్ను లాగావంటే టీ గిన్నె నెత్తిన పడుతుందిరా!" అంది ఉరాన వంటింట్లోంచి.

గొంబో కప్పు కింద పెట్టాడు. "కొత్త సంవత్సరం వస్తుందిగా, ఆ తెల్లనెల పండగలోగా ఒక్క అబద్ధం ఆడకుండా అమ్ముతాను."

"అమ్మలేకపోతే?"

"పండగనాడు పెద్దలందరి ముందూ లేచి నిలబడి, నిజం కూడు పెట్టదని నా నోటితో నేనే చెబుతాను. బండి నీకిస్తాను. నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకో."

ఉరాన గరిటతో సహా బయటికొచ్చింది. ఆవిడ మొహం పాలిపోయింది. అన్నమాట ప్రకారం చేసే మనిషని ఆవిడకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తప్పు లెక్క రాయని చేయి అది. ఆ పేరంతా తీసుకెళ్ళి ఒక డొక్కు కారు మీద పందెం కాశాడు.

ప్రకటన ఏమని ఇచ్చాడో తెలుసా? 'రెండు లక్షల ఎనభై ఏడు వేల నూట పన్నెండు కిలోమీటర్లు. ఒకసారి తూల్ నదిలో సగం దాకా మునిగింది. ఎడమవైపు వెనక తలుపు బయటినుంచి తెరుచుకోదు. స్టార్టు చేయగానే జపాన్ భాషలో ఏదో అంటుంది. పన్నెండేళ్ళయినా ఏమంటుందో తెలియలేదు.'

ఇది ప్రకటనా, వాంగ్మూలమా?

మొదట ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. అలవాటు కొద్దీ మూడుతో గుణించాడు. "ఎనిమిది లక్షల అరవై వేలు! ఇదేం కారన్నా, చంద్రుడి దాకా వెళ్ళొచ్చిందా?" అని నవ్వుతూ పోయాడు. తర్వాత కొత్తగా పెళ్ళయిన జంట. అమ్మాయి మొగుడి చొక్కా పట్టి లాగింది. "నదిలో పడిందని ఆయనంతట ఆయనే చెబుతున్నాడంటే, చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయో! పద పద." మూడో ఆయన సీటు వాసన చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "నాతో అంటే ఏం పోయిందిలే గానీ, ఇందులో శవమేమైనా దొరికిందా?"

రెండు నెలలు గడిచాయి. మంచు పడింది. చోగో రోజూ ఫోను చేసేవాడు. "బావా, పండగనాటి ఉపన్యాసం రాసుకున్నావా? గొంతు వణక్కూడదు సుమా!"

ఉరాన బతిమాలింది. "ఆ నది మాట ఒక్కటీ వదిలెయ్యరాదూ? మిమ్మల్ని అబద్ధం ఆడమన్నానా? కాసేపు మాట్లాడకుండా ఉండమన్నాను, అంతే కదా!"

"రాయాల్సిన గడి ఖాళీగా వదిలినా తప్పు లెక్కే ఉరానా."

చూశారా? ఒక్క మనిషి నిజం చెబుతానని కూర్చుంటే ఎంతమందికి క్షోభ! ఇల్లాలికి నిద్ర లేదు, కొనవచ్చినవాళ్ళకు మనశ్శాంతి లేదు. అబద్ధం ఎప్పుడైనా ఇన్ని ఇళ్ళలో చిచ్చు పెట్టిందా?

పండగ ఇంక నాలుగు రోజులుందనగా పల్లె నుంచి దుల్మా అనే ముసలావిడ వచ్చింది. గొర్రెలూ గుర్రాలూ మేపుకునే మనిషి. కళ్ళు మూసుకుని లోపాలన్నీ విన్నది. కారు చుట్టూ తిరిగింది. వంగి, గుర్రం కాలు పట్టి చూసినట్టు టైరు నొక్కి చూసింది.

"నాయనా, ఇన్ని జబ్బులు చెబుతున్నావు. మా వైపు ఇన్ని చెప్పాక గుర్రాన్ని అమ్మరు, కోసుకు తింటారు."

"నిజమే అవ్వా" అన్నాడు గొంబో. అక్కడా నిజమే!

"సరే, తాళం ఇలా తే. నడిపి చూస్తాను."

గొంబో తాళం ఇవ్వబోయి ఆగాడు. తలుపు తీసి లోపలికి వంగాడు. పొడుగు అంగీ చేతిని ముందుకు లాక్కుని దాంతో స్టీరింగు మెల్లగా తుడిచాడు. సీటు అంచున లేచిన పోగు ఒకటి తెంపి గుండె దగ్గర దాచుకున్నాడు. పశువును అమ్మేటప్పుడు ఇంటి భాగ్యం దాని వెంట వెళ్ళిపోకుండా జూలులోంచి నాలుగు వెంట్రుకలు తీసి దాచుకుంటామే, అలా.

"నేనింకా కొననే లేదు కదా నాయనా!" అంది దుల్మా.

"కొన్నాక నాకు చేతులాడవేమోనని, అవ్వా. పన్నెండేళ్ళు మా ఇంట్లో ఉంది. మా అమ్మాయిని కాన్పుకి తీసుకెళ్ళింది కూడా ఇదే." గొంతు పూడుకుపోయి ఇంక మాట రాలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దుల్మా ఆయన్ని చాలాసేపు చూసింది. "చెడ్డ గుర్రం జూలు ఎవడూ దాచుకోడు" అంది. నడిపి చూడలేదు, బేరమాడలేదు. కొనేసింది! దారి క్షేమంగా సాగాలని ఉరాన గబగబా పాలు తెచ్చి చక్రాల వెనక చిలకరించింది. కారు జపాన్ భాషలో ఏదో అని వెళ్ళిపోయింది.

ఇంతవరకూ బాగానే ఉంది. పండగనాడు పందెం ఓడిన చోగో అందరి ముందూ బావకు వంగి నమస్కారం పెట్టి, మాంసం కుడుము కొరుకుతూ అడిగాడు.

"అది సరే బావా, అసలు ఎలా అమ్మావు?"

గొంబో చెప్పేశాడు! అంగీ చేయి, సీటు పోగు, పూడుకుపోయిన గొంతు, ముసలావిడ మాట, వరసగా అంతా చెప్పాడు. అబద్ధం చేతకానివాడికి రహస్యం దాచడం మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? చోగో సగం కొరికిన కుడుము పళ్ళెంలో పెట్టేసి, తన అంగీ చేయి ఎంత పొడుగుందో లాగి చూసుకున్నాడు.

మరుసటి వారం సంతకు వెళ్ళి చూడండి! అందరూ పొడుగు చేతుల అంగీల్లో ఉన్నారు. అందరూ స్టీరింగులు తుడుస్తున్నారు, అందరూ ఏడుస్తున్నారు. ఒక్కో కారును రోజుకి పదిమందికి చూపిస్తారు కాబట్టి పదిసార్లు పోగులు పీకుతున్నారు, సీట్లకు బట్టతల వచ్చేసింది. కొందరు జేబులో ఉల్లిపాయ తెచ్చుకుంటున్నారు. మధ్యాహ్నానికి గొంతు పోయిన ఒక వ్యాపారి ఇంటికి ఫోను చేసి ఏడవడానికి భార్యను పిలిపించాడు. ఇంకొకడికి పోగు చాలలేదట, స్టెప్నీ చక్రమే భాగ్యంగా దాచుకున్నాడు! పాత ఆచారాలు మట్టికొట్టుకుపోతున్నాయని వాపోయే పెద్దలు ఒకసారి ఇటు రావాలి. ఇది వ్యాపారుల పుణ్యం కాదా?

కాలంతో పాటు మనమూ నడవాలి కదా. నా దగ్గర ఒక ఏడు సీట్ల వ్యాను ఉంది. చోగో చేత దాని మీటరు ఎనభై ఎనిమిదికి దింపించాను. మూడు రోజులు అద్దం ముందు సాధన చేశాను. మా ఆవిడ గది తలుపు తీసి చూసి, "అయ్యో, ఎవరు పోయారండీ?" అని కంగారు పడింది. సాధన ఫలించిందని సంతోషించాను.

కొనడానికి ఎవరు వచ్చారనుకున్నారు? గొంబో, ఉరాన! చెరో పసిగుడ్డునూ ఎత్తుకుని మరీ వచ్చారు.

"సంతకెందుకు, తెలిసిన మనిషి దగ్గర కొనుక్కుంటే మంచిదని వచ్చాం అన్నా" అన్నాడు గొంబో.

నేను వెనక్కి తగ్గలేదు. తలుపు తీశాను, అంగీ చేత్తో స్టీరింగు తుడిచాను, పోగు తెంపాను. కళ్ళనిండా నీళ్ళు కూడా తెచ్చుకున్నాను. నా జన్మలో అంత బాగా ఏ పనీ చేయలేదు.

ఉరాన మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "మీ విద్యే మీకు చూపిస్తున్నాడు! ఊరందరికీ నేర్పి పెట్టింది మీరే కదా!"

"తెలుసు" అన్నాడు గొంబో నెమ్మదిగా. "కానీ ఉరానా, బండిని అలా తుడుచుకుంటున్న మనిషిని నేనే నమ్మకపోతే, రేపు నన్నెవరు నమ్ముతారు?" నా వైపు తిరిగాడు. "ఎనభై ఎనిమిది వేలే కదా అన్నా? నువ్వు ఎంతంటే అంతే. నాకు వేరే లెక్క అక్కర్లేదు."

చంకలో పాప నిద్రపోతోంది. ఆయన నన్ను నమ్మి నిలబడ్డాడు. మూడుతో గుణించకుండా నా వైపు చూసిన మనిషి, ఇరవై ఏళ్ళలో, ఆయన ఒక్కడే. నాకు ఎక్కడ లేని భయం వేసింది.

"మూడు లక్షల పన్నెండు వేలు!" అన్నాను.

అనాలని అనలేదు. నోరే అనేసింది. అక్కడితో ఆగిందా? "బ్రేకు ఎడమకి లాగుతుంది, పిల్లలున్నప్పుడు ముందు అది బాగు చేయించు. పోయినేడు ఒకసారి గొర్రెల మందలో దూరింది. హీటరు మైనస్ ఇరవై దాటితే పనిచేయదు." గొంబో చిన్న పుస్తకం తీసి ఒక్కొక్కటీ రాసుకున్నాడు. "ఇంకేమైనా ఉందా అన్నా?" అన్నాడు మర్యాదగా. "వెనక సీటు కింద ఎలుక ఉంది" అన్నాను.

వ్యాను కొన్నాడు. నిజం తెలిసిపోయింది కాబట్టి ఉరాన బేరమాడి ధర సగానికి సగం కోసింది. కవలలను ఎక్కించుకుని వాళ్ళు వెళ్ళిపోతుంటే నేనే పాలు తెచ్చి చల్లాను. అప్పుడు కళ్ళు తడిశాయంటే దానికి సాధన కారణం కాదని సిగ్గుపడుతూ మనవి చేసుకుంటున్నాను.

ఇప్పుడు చెప్పండి. అలాంటి మనిషిని నగరంలో స్వేచ్ఛగా తిరగనివ్వచ్చా? ఇది అంటుజబ్బు! మర్నాడు పత్రికాఫీసు నుంచి ఫోను చేసి నేను వారం వారం రాసే కాలమ్ ఎందుకు ఆలస్యమైందని అడిగితే, జ్వరం అనాల్సింది పోయి "నిద్రపోయాను" అన్నాను. మొన్న రాత్రి మా ఆవిడ కొత్త రకం కూర చేసి, ఎలా ఉందండీ అని ముచ్చటగా అడిగింది. ముప్ఫై ఏళ్ళుగా దానికి నేను చెప్పే జవాబు ఒకటే ఉండేది. ఈసారి నిజం చెప్పేశాను.

ఆనాటినుంచి మా ఇంట్లో నాకు వంట లేదు. ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకోవాలి. ఇదంతా ఖాళీ కడుపుతో రాస్తున్నాను. ఇందులో అబద్ధం ఒక్కటైనా కలపాలని పొద్దున్నుంచి ప్రయత్నిస్తున్నాను, చేతకావడం లేదు.